ఎడమచేతి రాత

పోయినవారం వెండెల్ క్రోకర్‌ని మనం ఆఫీసుగది గుమ్మంలో నిలబెట్టి వచ్చాం, ఒక చేతిలో కాఫీ కప్పుతో, ఇంకో చేతిలో శనివారం ఆట చార్టుతో. పాపం, ఆ కాఫీ ఆయన తాగనూ లేదు, పారబొయ్యనూ లేదు. సంగతేమిటో ఒక్కసారి గుర్తు చేసుకుని, ముందు ఆ ముసలాయన్ని కూర్చోబెడదాం.

హార్పర్స్ బెండ్ బేస్‌బాల్ జట్టుకి క్రోకర్ మేనేజరు. అరవై రెండేళ్లవాడు. ఆ జట్టు పెద్ద క్లబ్బుకి నారుమడి లాంటిది. పద్దెనిమిది, పందొమ్మిదేళ్ల కుర్రాళ్లని తెచ్చి అక్కడ పోస్తారు. ఎదిగినవాడు పై జట్టుకి వెళ్తాడు, ఎదగనివాడు బస్సెక్కి ఇంటికి పోతాడు. ఈ ఏడు వచ్చినవాళ్లలో కళ్లు చెదిరేలా బంతి వేసేవాడు ఒక్కడే, టెక్సాస్ కుర్రాడు రాయ్స్ ఆల్డర్‌సన్. పెద్ద క్లబ్బు తరఫున కింది జట్లన్నిటి మీదా అజమాయిషీ చేసే హార్లన్ పైక్ శనివారం ఊళ్లో దిగాడు. ఆదివారం ఆట తొమ్మిది ఇన్నింగ్స్‌లో మొదటి ఐదు రాయ్స్ వెయ్యాలని, తను కళ్లారా చూస్తానని, బాగా వేస్తే సోమవారం పొద్దున్నే వాణ్ని విమానం ఎక్కిస్తానని ప్రకటించాడు. జట్టంతా కేకలు వేసి రాయ్స్ నెత్తిన చల్లనీళ్ల బకెట్టు కుమ్మరించారు. తెల్లవారి, ఆదివారం పొద్దున ఆ చార్టు చూడబోయిన క్రోకర్‌కి గుమ్మం దగ్గరే కాళ్లు ఆగిపోయాయి.

ఆ చార్టు ఆచారం బేస్‌బాల్ ఆడే ప్రతి ఊళ్లోనూ ఉన్నదే. రేపు బంతి వెయ్యాల్సిన పిచర్ ఇవాళ మైదానంలోకి దిగడు. ఆటగాళ్లు కూర్చునే డగౌట్‌లో ఓ మూల చేరి, ఒళ్లో అట్ట పెట్టుకుని, ఇవాళ్టి పిచర్ వేసే ప్రతి బంతినీ పెన్సిలుతో రాస్తాడు. ఏ రకం బంతి, ఎక్కడ పడింది, బ్యాటర్ ఏం చేశాడు, అంతా. రేపు తను తలపడేది ఆ బ్యాటర్లతోనే కాబట్టి, చేత్తో రాస్తే బుర్రలో ఉంటుందని. క్రోకర్ ఆదివారం చర్చి అయినా ఎగ్గొడతాడు గాని చార్టు చదవడం మాత్రం ఇరవై ఏళ్లలో ఒక్క పూట మానలేదు.

శనివారం చార్టు రాసింది రాయ్స్. వాడి రాత క్రోకర్‌కి బాగా తెలుసు. చీమల బారులాగా చిన్నగా, తిన్నగా ఉంటుంది. మొదటి మూడు ఇన్నింగ్స్ అలాగే ఉంది. నాలుగో ఇన్నింగ్స్ నించి ఆ చీమలు కల్లు తాగినట్టు తూలాయి. అక్షరాలు పెద్దవయ్యాయి, వెనక్కి వాలాయి. అన్నిటికన్నా, ప్రతి వరుస మీదా పెన్సిల్ బూడిద అలుక్కుపోయి ఉంది, ఎవరో అరచెయ్యి ఆనించి ఈడ్చినట్టు.

కుడిచేత్తో రాసేవాడి చెయ్యి రాయబోయే చోటికి ముందుగా పోతుంది, రాసిన దాని మీద పడదు. రాసిన దాన్ని తుడుచుకుంటూ పోయేది ఎడమచేతివాడే. క్రోకర్‌కి ఇది తెలియడానికి కారణం, తొమ్మిదేళ్లుగా బస్సులో తన పక్క సీట్లో కూర్చునే లూ బ్రిగాంటీ. పిచర్లకి పాఠాలు చెప్పే కోచ్. పుట్టు ఎడమచేతివాడు. లూ రాసిన ఏ కాయితమైనా ఇలాగే మసిబారి ఉంటుంది. రాసింది లూ ఏమోనని ఒక క్షణం అనిపించింది గాని, శనివారం ఆట పొడుగునా లూ తన పక్కనే కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు నములుతూ ఉన్నాడు.

అంటే కుడిచేతి పిచర్ ఒకడు, విమానం ఎక్కబోయే రెండురోజుల ముందు, నాలుగో ఇన్నింగ్స్‌లో పెన్సిల్‌ని ఎడమచేతికి మార్చుకున్నాడు.

క్రోకర్ చల్లారిన కాఫీ ఒక్క గుక్కలో తాగేసి, రాయ్స్‌కి కబురు పంపాడు.

పన్నెండు కావస్తుండగా వచ్చాడు రాయ్స్. తల తడిగా ఉంది, మొహం నిండా నవ్వు. ఆరడుగుల నాలుగంగుళాల వాణ్ని ఆ గదిలో కూర్చోబెడితే మోకాళ్లు బల్లకి తగులుతాయి.

"పిలిచారట, స్కిప్?"

జట్టు మేనేజర్ని అందరూ అలాగే పిలుస్తారు.

"రా. తలుపు వేసెయ్. డోనట్ తింటావా? నిన్నటివే. పళ్లు జాగ్రత్త." క్రోకర్ సొరుగులోంచి కొత్త బంతి, పెన్ను తీసి వాడి ముందుకు దొర్లించాడు. "ముందు దీని మీద ఓ సంతకం పెట్టు. మందుల షాపు హోల్‌కాంబ్‌గారి మనవరాలికట. నువ్వు పైకి వెళ్లిపోతున్నావని తెలిసిన దగ్గర్నించి ఆ పిల్ల మా ప్రాణాలు తోడేస్తోంది."

రాయ్స్ చెవులు ఎర్రబడ్డాయి. "నా సంతకమా?"

"నాది అడిగితే ఇచ్చేవాణ్నిగా."

రాయ్స్ పెన్ను కుడిచేత్తోనే పట్టుకున్నాడు. ఆయన చూస్తున్నాడని వాడికి తెలుసు. మొదటి అక్షరం పడింది. రెండోదీ పడింది. మూడోది గుండ్రటి తోలు మీద జారి కిందికి పోయింది. పై పెదవి మీద చెమట చుక్కలు లేచాయి. నాలుగో అక్షరం దగ్గర పెన్ను వేళ్లలోంచి దానంతటదే జారి నేల మీద పడింది. వాడు చటుక్కున వంగి తీశాడు, ఎడమచేత్తో.

"దాంతోనే కానియ్యి," అన్నాడు క్రోకర్. "నిన్న నాలుగో ఇన్నింగ్స్ నించి ఎడమచెయ్యి బాగానే మరిగింది కదా."

రాయ్స్ పెన్ను బల్ల మీద పెట్టేశాడు.

"మీకెవరు చెప్పారు?"

"నువ్వే. ఇదిగో, ఆరు పేజీల ఉత్తరం రాసి మరీ చెప్పావు." చార్టు తిప్పి వాడి ముందు పెట్టాడు.

రాయ్స్ దాన్ని చూసి నవ్వబోయాడు. "రాత బాగోలేకపోతే చెయ్యి పోయినట్టేనా స్కిప్? అలా అయితే మా మూడో క్లాసు టీచరమ్మ లెక్కన నాకు పుట్టుకతోనే చెయ్యి లేదు."

"ఏ వేళ్లు?"

"ఏ వేళ్లేమిటి?"

"తిమ్మిరెక్కినవి."

వాడు బంతిని కుడిచేతి వేళ్లతో నొక్కి చూశాడు. "చిటికెన వేలు. దాని పక్కది. పట్టుకున్నది బంతో, బంగాళాదుంపో తెలియట్లేదు."

"ఎన్నాళ్లనించి?"

"తిమ్మిరి వారమయింది. మోచేతి లోపలివైపు నొప్పి... జూన్ మొదట్నించి."

"ఆ దరిద్రపు స్లైడర్."

రాయ్స్ మోచెయ్యి పట్టుకుని తల ఊపాడు.

స్లైడరంటే బ్యాటర్ దాకా తిన్నగా వచ్చి, ఆఖరి క్షణంలో చుట్టమల్లే పక్కకి తప్పుకునే బంతి. దాన్ని అలా తిప్పాలంటే మోచేతిని మెలిపెట్టాలి. కింది జట్లలో ప్రతి పిచరూ అది నేర్చి తీరాలని పైక్ మే నెలలో హుకుం పంపాడు. ఆ ఉత్తరాన్ని క్రోకర్ మూత్రశాల గోడకి మేకేసి కొట్టాడు, అందరూ రోజుకి నాలుగుసార్లు చదువుకోవడానికి వీలుగా. పందొమ్మిదేళ్లవాడికి రెండే బంతులు చాలన్నది ఆయన లెక్క. ఒకటి వేగంగా పోయేది, ఒకటి మెల్లిగా పోయేది, రెండిటికీ చెయ్యి ఒకేలా ఊగాలి. వేగం పుట్టుకతో వస్తుంది. ఎక్కడ వెయ్యాలో మేం నేర్పుతాం. ఎప్పుడు వెయ్యకూడదో ఎవడికి వాడు చావుదెబ్బలు తిని తెలుసుకుంటాడు. మూడో బంతి ఇరవై ఒకటి దాటాక, ఎముక ముదిరాక. అందుకే రాయ్స్ మూడు బేసుల నిండా అవతలి జట్టువాళ్లని ఎక్కించుకుని, బంతి వేసే మట్టిదిబ్బ మీద బిక్కచచ్చి నిలబడినా క్రోకర్ వెళ్లేవాడు కాదు. నువ్వు చేసిన గలీజు నువ్వే కడుక్కో అని డగౌట్‌లోంచి చూస్తూ కూర్చునేవాడు. ఈ ఊళ్లో ఆట ఓడిపోతే పేపర్లో రెండు ముక్కలు వేస్తారు. ఇక్కడ ఓడిపోవడం నేర్చుకోనివాడు పైకి పోయి లక్షమంది ముందు నేర్చుకోవాల్సి వస్తుంది.

"అయితే ఇవాళ నువ్వు వెయ్యవు," అన్నాడు క్రోకర్.

రాయ్స్ లేచాడు. బల్ల కదిలి కాఫీ కప్పు దొర్లింది. "ఐదే ఇన్నింగ్స్, స్కిప్! ఒక్క స్లైడర్ కూడా వెయ్యను. ఒట్టు."

"కూర్చో."

"ఐదు ఇన్నింగ్స్ అయ్యాక మీరు ఏం చేయమంటే అది చేస్తా. కోయించుకోమంటే కోయించుకుంటా. ఇవాళ వెయ్యకపోతే పైక్‌గారు ఇంకోణ్ని తీసుకెళ్లిపోతారు. మా ఊళ్లో నీళ్ల ట్యాంకు మీద నా పేరు రాశారు స్కిప్, మీకు తెలుసా? మా నాన్నే నిచ్చెన వేసుకుని ఎక్కి రాశాడు. వంటింట్లో బల్బు మార్చడానికి స్టూలెక్కితే కాళ్లు వణికే మనిషి. ఎనభై అడుగులు ఎక్కాడు. ఇప్పుడు నేను తిరిగొచ్చేశానని ఆయన మళ్లీ ఎక్కి దాన్ని చెరపాలా?"

క్రోకర్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఏదైనా ఇబ్బంది వస్తే ఆయన నోటికి కథ వస్తుంది, అది ఆయనకి వ్యసనం. "నెబ్రాస్కాలో ఒకప్పుడు నా దగ్గర ఒక పిచరు..."

"వద్దు స్కిప్. చెయ్యి ఊడిపోయినవాడి కథేగా? బస్సులో ఇరవైసార్లు విన్నాను. ఇవాళ నాకు నవ్వు రాదు."

ఆ కథ లీగ్ మొత్తానికీ కంఠతా వచ్చు. వాడు ఎంత గట్టిగా విసిరాడంటే, చెయ్యి భుజం దగ్గర ఊడి బంతితోపాటు ఎగిరిపోయి, బ్యాటర్ వెనక కూర్చునే క్యాచర్ గ్లవ్‌లో పడింది. అంపైర్ కాసేపు ఆలోచించి "స్ట్రైక్!" అన్నాడు, అంటే బంతి సరిగ్గానే పడింది, కొట్టనిది బ్యాటర్ తప్పు అని. ఆ స్ట్రైక్ బంతికా చేతికా అన్నది ఇప్పటికీ కోర్టులో నడుస్తూనే ఉంది. ఈ మాట దగ్గర బస్సులో అందరూ సీట్ల మీద గుద్ది నవ్వుతారు.

"నవ్వొద్దు," అన్నాడు క్రోకర్. "ఇన్నాళ్లూ దాన్ని నవ్వేలా చెప్పుకొచ్చాను. ఇవాళ ఉన్నదున్నట్టు చెప్తా. వాడి పేరు వర్జిల్ స్ట్రౌడ్. ఇరవై ఏళ్లవాడు. మేనేజరుగా నాకది మొదటి ఏడు. సీజన్ ఆఖరి ఆట, గెలిస్తే కప్పు మాది. ఆట తెగలేదు. తొమ్మిది ఇన్నింగ్స్ అయ్యాయి, పది, పదకొండు. ప్రతి ఇన్నింగ్స్ చివరా వాణ్ని అడిగాను, చెయ్యి ఎలా ఉందిరా అని. బాగుంది స్కిప్, ఇంకొక్కటి, అన్నాడు. ప్రతిసారీ అదే మాట. నేను అడిగానుగా, వాడు బాగుందన్నాడుగా, నా పూచీ తీరిపోయింది అనుకున్నా. పదమూడు ఇన్నింగ్స్. నూట తొంభై నాలుగు బంతులు. గెలిచాం. నన్ను భుజాల మీద ఎత్తుకున్నారు. కింద చూస్తే వర్జిల్ డగౌట్‌లో కూర్చుని బూటు తాడు విప్పుకోలేక నోటితో లాగుతున్నాడు."

రాయ్స్ కూర్చున్నాడు.

"మళ్లీ ఎప్పుడూ వెయ్యలేదు వాడు. అందుకే నేను పిచర్ని చెయ్యి ఎలా ఉందని అడగను. అడిగితే అబద్ధం చెప్తాడు. చెప్పకపోతే వాడు పిచరే కాదు. వాడు దువ్వెన ఎలా పట్టుకుంటున్నాడో చూస్తా, సీసా మూత ఎలా తీస్తున్నాడో చూస్తా. రాత చూస్తా."

"ఆయన ఇప్పుడెక్కడున్నాడు?"

"తెలీదు." క్రోకర్ టోపీ అంచుని గుండ్రంగా తిప్పుతున్నాడు. "కనుక్కోలేదు. కనుక్కునే ధైర్యం లేక కథ చేసుకున్నా."

రాయ్స్ బంతిని బల్ల మీదికి దొర్లించాడు. గొంతులో కోపం లేదు, అది ఉంటే క్రోకర్‌కి కాస్త తేలిగ్గా ఉండేది. "అప్పుడు మీరు ఆపాల్సిన చోట ఆపలేదు. ఆ తప్పుకి ఇప్పుడు నేనెందుకు స్కిప్ కూర్చోవాలి?"

క్రోకర్ టోపీ నెత్తిన పెట్టుకుని లేచాడు. "ఇక్కడే ఉండు," అన్నాడు. "పైక్ మరీ రాయి కాదు. ఒకప్పుడు నా దగ్గరే ఆడాడు. ముందు నీ చెయ్యి బాగు చేయించి, వచ్చే వసంతంలో పైకి పంపమని అడుగుతా. నీ పేరు ఆ ట్యాంకు మీదే ఉంటుంది."

చార్టు మడిచి వెనక జేబులో పెట్టుకుని బయటికి నడిచాడు.

పన్నెండున్నర అయింది. గేట్లు తెరిచారు. పిల్లలు చెక్కబల్లల మీద దడదడ పరిగెడుతున్నారు, ఉల్లిపాయలు వేగుతున్న వాసన మైదానమంతా కమ్ముకుంది. హార్లన్ పైక్ మొదటి బేసు వైపు నీడలో కూర్చుని, తెల్ల చొక్కా మీద ఆవాల ముద్ద పడకుండా మెడ ముందుకు చాచి హాట్‌డాగ్ తింటున్నాడు. పక్కన లూ బ్రిగాంటీ ఉన్నాడు. లూ ఆ సమయంలో అక్కడ ఉండాల్సిన పని లేదు.

"హార్లన్," అన్నాడు క్రోకర్. "నా దగ్గర రెండో బేసు ఆడినప్పుడు నువ్వు బంతి కొట్టిన పాపాన పోలేదు గాని, చెప్పింది వినేవాడివి. ఇప్పుడు ఒకటి విను. రాయ్స్ మోచెయ్యి దెబ్బతింది. రెండు వేళ్లు తెలియట్లేదు వాడికి. ఇవాళ వాడు ఆడడు."

పైక్ మూతి తుడుచుకున్నాడు. ఆశ్చర్యపోలేదు. క్రోకర్‌కి ముందు కనిపించింది అదే. మనిషి ఇసుమంతైనా ఆశ్చర్యపోలేదు.

"కూర్చోండి వెండెల్. ఎండలో నిలబడకండి."

"నీకు తెలుసా?"

"మీ మంచికే మీకు చెప్పలేదు." పైక్ గొంతు తగ్గించాడు. "మీరు అబద్ధం ఆడలేరు. కథలు చెప్తారు, అది వేరు. ఇవాళ ఇంకో క్లబ్బువాళ్లు వాణ్ని చూడ్డానికి మనిషిని పంపిస్తున్నారు. వాడిని ఇచ్చేసి వాళ్ల ఎడమచేతి పిచర్ని తెచ్చుకుంటున్నాం. మాటలన్నీ అయిపోయాయి, ఆ వచ్చినాయన కుర్రాడు బాగున్నాడు అంటే చాలు. ఐదు ఇన్నింగ్స్ ఆ చెయ్యి నిలబడితే సాయంత్రానికి ఆ మోచెయ్యి వాళ్ల తలనొప్పి."

"విమానం అన్నావే."

"విమానమే. మన క్లబ్బు విమానమని నేనెప్పుడన్నాను?"

క్రోకర్ లూ వైపు తిరిగాడు. లూ ఎడమ అరచేతి అంచున ఎప్పుడూ ఉండే బూడిదరంగు మసి అప్పుడూ ఉంది. దాన్ని ప్యాంటుకి రుద్దుకుంటున్నాడు.

"నీకెప్పటినించి తెలుసు, లూ?"

"జూన్ ఇరవై."

"ఆ రోజు మనం డావెన్‌పోర్ట్ నించి వస్తున్నాం. బస్సు టైరు పేలింది. నాలుగ్గంటలు రోడ్డు పక్కన ఒకే తుండుగుడ్డ మీద కూర్చున్నాం ఇద్దరం. ఆ నాలుగ్గంటల్లో నీకు నోరు పెగల్లేదా?"

"స్లైడర్ నేర్పమని ఆర్డరు వెండెల్. నేర్పా. నొప్పి అన్నాడు. పైక్‌గారికి రాశా. నీకు చెప్పొద్దన్నారు." లూ తల ఎత్తలేదు. "నాకు ఇంకా ఇద్దరు పిల్లలు చదువుకోవాలి."

"వాడూ ఒకడి పిల్లాడే."

పైక్ చెయ్యి చాచాడు. "ఆ చార్టు ఇలా ఇవ్వండి. మీరు ఒంటిగంట యాభైకి అంపైర్‌కి జట్టు కాయితం ఇస్తారు, అందులో రాయ్స్ పేరు ఉంటుంది. మీరు రాయలేనంటే లూ రాస్తాడు, మేనేజరు కుర్చీలో కూర్చుని మరీ రాస్తాడు. మీరు ఇంటికెళ్లి మొక్కజొన్న పొత్తులు కాల్చుకోవచ్చు. ఎలాగూ కుర్రాడు వేస్తాడు. వాణ్నే అడగండి, వద్దంటాడేమో."

అదీ దెబ్బ. వెయ్యాలని పైక్‌కి ఉంది, లూకి ఉంది, అందరికన్నా ఎక్కువగా రాయ్స్‌కే ఉంది. వద్దనేవాడు క్రోకర్ ఒక్కడే. ఇరవై ఏళ్ల కిందట వర్జిల్ విషయంలోనూ అంతే, అందరూ వెయ్యమనేవాళ్లే. అప్పుడు ఆయనా వాళ్లతోనే కలిశాడు.

చార్టు ఇవ్వకుండా క్రోకర్ మెట్లు దిగాడు. ఈ ఏడుతో ముప్ఫై మూడేళ్లు బస్సుల్లో తిరిగాడు. ఇల్లంటూ లేదు. భార్య డొరోతియా పోయాక చలికాలాలు కూడా అక్క ఇంట్లో కారు షెడ్డు మీది గదిలో వెళ్లదీస్తున్నాడు. ఈ టోపీ తీసేస్తే నెత్తిన పెట్టుకోవడానికి ఇంకో టోపీ లేదు ఆయనకి. అంపైర్‌కి ఇవ్వాల్సిన కాయితం చొక్కా జేబులో ఉంది, పిచర్ పేరు ఉండాల్సిన చోట ఖాళీ.

మైదానం అంచుకి వచ్చేసరికి ఎడమవైపు మూలనించి ఠప్, ఠప్ అని చప్పుడు వినపడింది. బంతి తోలు గ్లవ్‌లో పడే చప్పుడు. ఆఫీసుగదిలో ఉండమన్న రాయ్స్ అక్కడ చెయ్యి వేడి చేసుకుంటున్నాడు. మూడు బంతులు చూశాడు క్రోకర్. చూసేవాళ్లకి ఏమీ తెలియదు. వేగం ఉంది, ఊపు ఉంది. మోచెయ్యి మాత్రం ఉండాల్సిన ఎత్తుకి రెండంగుళాలు కిందికి జారి ఉంది. ప్రతి బంతి తరవాతా వాడు గ్లవ్ తగిలించుకున్న చేత్తో టోపీ సర్దుకుంటున్నాడు. కుడిచెయ్యి తొడ పక్కన ఊరికే వేలాడుతోంది.

"స్కిప్."

వెనకనించి వచ్చింది ఆ పిలుపు. ఆ మాట అనేవాళ్లందరూ ఇరవై ఏళ్ల లోపువాళ్లు, ఈ గొంతు నడివయసుది. క్రోకర్ తిరిగి చూశాడు.

తీగల కంచె అవతల, బ్యాటర్ నిలబడే చోటికి వెనకవైపు మొదటి వరుస సీట్ల దగ్గర ఒకతను నిలబడి ఉన్నాడు. జుట్టు పలచబడింది. మెడలో బంతి వేగం కొలిచే తుపాకీ వేలాడుతోంది. చంకలో నోటుబుక్కు. ఇంకో క్లబ్బు పంపిన మనిషి ఇతనే అని టోపీ చెబుతోంది. కుడిచెయ్యి మోచేతి దగ్గర వంగి, కుర్చీ చేతిలా అలాగే బిగుసుకుని ఉంది. దాన్ని చూశాకే క్రోకర్ అతని మొహం వైపు చూశాడు. అసలు మొహం చూడక్కర్లేకుండానే తెలిసిపోయింది.

"ఎడమచేత్తో ఇవ్వాల్సి వస్తోంది, ఏమనుకోకండి," అంటూ అతను కంచె పైనించి చెయ్యి చాచాడు.

"వర్జిల్," అన్నాడు క్రోకర్. ఆ చెయ్యి పట్టుకుని వదలడం మర్చిపోయాడు.

"నా చెయ్యి ఎగిరి క్యాచర్ గ్లవ్‌లో పడిందట కదా?" వర్జిల్ స్ట్రౌడ్ పెదవుల మీద నవ్వులాంటిది ఉంది. "ఒహాయోలో విన్నా ఆ కథ, ఫ్లోరిడాలోనూ విన్నా. చెప్పేవాళ్లకి నేనెవరో తెలీదు పాపం. అంపైర్ స్ట్రైక్ అన్న ముక్క బాగుంది. ఒకసారి నేనూ నవ్వాను."

"వర్జిల్, నేను..."

"అది ఇంకోసారి మాట్లాడుకుందాం. నిజంగానే మాట్లాడుకుందాం, అందుకు వేరే రోజు వస్తాను." అతను నోటుబుక్కు తెరిచి కంచె మీద ఆనించాడు. పెన్సిల్ ఎడమచేత్తో తీశాడు. పేజీ నిండా మసి అలుక్కుపోయి ఉంది. "ఇవాళ పని మీద వచ్చా. మా వాళ్లు ఈ కుర్రాణ్ని నా ఒక్క మాట మీద తీసుకుంటున్నారు. చెయ్యి లేని పిచర్ మాటకి విలువ రావడానికి పదిహేనేళ్లు పట్టింది స్కిప్. ఒక్కసారి తప్పు చెప్తే చాలు, అంతటితో సరి."

వెనక మెట్ల మీద పైక్ లేచి నిలబడ్డాడు. అంతదూరంనించి మాట వినపడదు గాని, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో కనపడుతుంది. మూలన ఠప్పుమనే చప్పుడు కూడా ఆగింది. రాయ్స్ బంతి చేతిలో పట్టుకుని ఇటే చూస్తున్నాడు. ఆ వంగిన చెయ్యి, ఆ తుపాకీ, క్రోకర్ మొహం, మూడూ చూశాడు. అర్థమైనట్టుంది. చెప్పొద్దన్నట్టు మెల్లిగా తల అడ్డంగా ఊపాడు. ఇంకోసారి ఊపాడు.

"పిచర్ని అడగొద్దు, అబద్ధం చెప్తాడు అని మీరు అందరికీ చెప్తారట. ఆ మాట కూడా నా చెవిన పడింది," అన్నాడు వర్జిల్ పెన్సిల్ ఎత్తి పట్టుకుని. "అందుకే మిమ్మల్ని అడుగుతున్నా. ఆ కుర్రాడి చెయ్యి ఎలా ఉంది, స్కిప్?"